ఆపేసినా సెల్లులు తినే రేడియో: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

2016లో కొన్న ఈ చేతి రేడియోను తొమ్మిదేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను. ఎఫ్‌ఎం, మీడియం వేవ్, షార్ట్ వేవ్ మూడూ పలికే డిజిటల్ రకం; నాలుగు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది, ఆపి ఉంచినప్పుడు తెర మీద గడియారం చూపిస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపం ఆ మోడల్ అంతటికీ ఉన్నదో, నా చేతికొచ్చిన పెట్టెకే వచ్చినదో తేల్చి చెప్పగల ఆధారం నా దగ్గర లేదు.

స్టేషన్లు పట్టుకోవడంలో దీనికి వంక పెట్టలేను. తెనాలిలో మా ఇంట్లో విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద పగలంతా శుభ్రంగా వినిపిస్తుంది. చీకటి పడ్డాక, పెట్టెను కాస్త అటూ ఇటూ తిప్పి సరైన దిక్కుకు పెడితే, హైదరాబాద్ 738 కూడా అందుతుంది. పక్కన ఫోన్ చార్జరో, చవక ఎల్‌ఈడీ బల్బో వెలుగుతుంటే మీడియం వేవ్‌లో రొద వస్తుంది గానీ, అది ఏ రేడియోకైనా తప్పని బెడద.

అసలు సంగతి సెల్లుల ఖర్చు. రోజుకు సుమారు గంటసేపు వింటాను. మొదటి ఆరేళ్లూ, ఒకసారి చార్జ్ చేసిన 2000 మిల్లీ యాంపియర్ అవర్ (గంటకు ఇన్ని మిల్లీ యాంపియర్ల చొప్పున సెల్లు ఇవ్వగల కరెంటు లెక్క) సెల్లులు ఐదు వారాల దాకా వచ్చేవి. తర్వాత అది నెలకు, మూడు వారాలకు దిగి, చివరికి పదిహేను రోజులకు చేరింది. సెల్లులు పాతబడ్డాయనుకుని కొత్త జత కొన్నాను; ఫలితం మారలేదు. తెర వెలుగు మీద అనుమానంతో దాన్ని పూర్తిగా ఆపేశాను, ఒక్కరోజు కలిసొచ్చిందేమో. సెల్లులు కూర్చునే స్ప్రింగులను గరుకు కాగితంతో రుద్దితే తళతళలాడాయి తప్ప ఖర్చు తగ్గలేదు. బజారులో రేడియోలు బాగుచేసే అతను పది నిమిషాలు పాడించి చూసి, "దీనికేం లేదు సార్, మంచి సెల్లులు వేసి చూడండి" అని తిరిగి ఇచ్చేశాడు. పాడుతున్నప్పుడు దానికి నిజంగానే ఏమీ లేదు కాబట్టి అతన్ని తప్పుపట్టలేను.

దారి చూపింది ఒక ప్రయాణం. నిండా చార్జ్ చేసిన సెల్లులు వేసి, రేడియో ఆపి, బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్లి నెల తర్వాత తిరిగి వచ్చేసరికి పెట్టె పలకడం అటుంచి, గడియారం కూడా ఆరిపోయి ఉంది. అదే రోజు చార్జ్ చేసి బీరువా సొరుగులో పెట్టిన రెండో జతను వేయగానే మామూలుగా పాడింది. సొరుగులో ఉన్నవి నిలిచి, ఆపేసిన రేడియోలో ఉన్నవి అయిపోయాయంటే, కరెంటు ఆపేశాకే పోతోందని తేలింది.

వెనకటి ట్రాన్సిస్టర్లకు శబ్దం పెంచే చక్రాన్ని చివరిదాకా తిప్పితే టక్కున స్విచ్ పడి సెల్లులతో సంబంధమే తెగిపోయేది. ఈ రకం రేడియోల్లో బటన్ చేసే పని లోపలి చిప్‌కు సైగ పంపడమే. సెల్లులు ఎప్పుడూ బోర్డుకు కలిసే ఉంటాయి. గడియారం కోసం కొద్దిపాటి కరెంటు ఖర్చవడం సహజం, అది ఎంతన్నదే ప్రశ్న.

కొలిచిన పద్ధతి ఇది. సన్నని అట్టముక్కకు రెండు వైపులా చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితం అతికించి, ఆ రెండు పొరలూ అంచుల దగ్గర ఒకదానికొకటి తగలకుండా కత్తిరించాను. దాన్ని ఒక సెల్లుకూ స్ప్రింగుకూ మధ్య దోపి, ఒక్కో పొరకు మల్టీమీటర్ తీగ ఒకటి పట్టించాను. ఇప్పుడు సెల్లుల నుంచి వెళ్లే కరెంటంతా మీటర్ గుండానే పోవాలి. మొదట 10 యాంపియర్ల అమరికలో పెట్టి, తొలి క్షణపు ఉరవడి తగ్గాక చిన్న అమరికకు మార్చడం మేలు. లేకపోతే మీటర్‌లోని ఫ్యూజు పోయే ప్రమాదం ఉంది. తక్కువ శబ్దంతో పాడుతుంటే 55 మిల్లీ యాంపియర్లు చూపింది. ఆపేశాక అంకె 3.1 దగ్గర నిలబడిపోయింది.

చూడ్డానికి చిన్న అంకే. కానీ 3.1ని ఇరవై నాలుగు గంటలతో గుణిస్తే రోజుకు 74 మిల్లీ యాంపియర్ అవర్లు అవుతుంది. అంటే నేను గంటసేపు వినడానికి పట్టే 55 కన్నా, వినకుండా పక్కన పెట్టడానికే ఎక్కువ ఖర్చవుతోంది. రెండూ కలిపితే 129, దానితో 2000ను భాగిస్తే పదిహేను రోజుల చిల్లర. నా అనుభవానికి లెక్క అచ్చంగా సరిపోయింది.

వెనక ఐదు మరలు విప్పి చూస్తే, సెల్లుల నుంచి వచ్చే ఎర్ర తీగ బోర్డులో కలిసే చోటనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, అంటే కరెంటును కాస్త నిల్వ ఉంచుకునే చిన్న భాగం, ఉంది. దాని అడుగున గోధుమరంగు మరక. దాని కాలు ఒకటి సోల్డర్ కరిగించి పైకి లేపగానే మీటర్ 0.09కి పడిపోయింది. కెపాసిటర్ లోపల పాడై, రాత్రింబవళ్లు కరెంటు కారుస్తోందన్నమాట. అదే విలువ, అంతే వోల్టేజి ఉన్న కొత్తదాన్ని, మైనస్ గీత పాతదాని వైపుకే వచ్చేలా చూసి అతికించాను. ధర పది రూపాయలలోపే. సోల్డరింగ్ రానివారు మీటర్ అంకె రాసుకుని మెకానిక్ దగ్గరకు వెళ్తే చాలు, అతను మరోసారి పది నిమిషాలు పాడించి పంపేయడు.

ఇప్పుడు మళ్లీ ఐదు వారాలు వస్తున్నాయి. మిగిలిన ఫిర్యాదు ఒకటుంది: తెర మీద సెల్లుల గుర్తు 1.5 వోల్టుల సెల్లులకు తగ్గట్టు పెట్టింది కాబట్టి, 1.2 వోల్టుల చార్జింగ్ సెల్లులు నిండుగా ఉన్నా సగమే చూపిస్తుంది. దాన్ని నేను పట్టించుకోవడం మానేశాను. ఊరికి వెళ్లేటప్పుడు ఇప్పటికీ ఒక సెల్లు తీసి పక్కన పెడతాను. తిరిగి వచ్చాక గడియారం దిద్దడానికి రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకోవాలి, అవేవో ప్రతిసారీ పుస్తకం తెరిచి చూడవలసిందే.