తాబేలుకు లోహపు బిళ్ల మేలా, శాటిలైట్ ట్యాగా?

"మీ హైదరాబాదులో సముద్రం లేదు గానీ, సముద్రం ఆఫీసు మాత్రం ఇక్కడే పెట్టారు కదరా!"

నిజాంపట్నం నుంచి పెళ్లికొచ్చిన మా బావ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) బోర్డు చూసి అన్న మాట ఇది. ఆయనకు మరబోటు ఉంది. ఏ నీళ్లలో చేప తగలొచ్చో చెప్పే సమాచారం ఆ ఆఫీసు నుంచే వస్తుందని ఆయనకు తెలుసు. మాట అక్కణ్నుంచి తాబేళ్ల మీదికి మళ్లింది. "ఎటు పోతుందో చూడ్డానికి లక్షలు పోసి తాబేలు వీపుకు మిషన్ అంటిస్తారంట. అదే డబ్బుతో..." అని ఊరుకున్నాడు. సగంలో ఆపిన ఆ మాట నన్ను వదల్లేదు.

ముందు చవక బేరం చూద్దాం. లోహపు బిళ్ల అంటే ముందు రెక్కకు కమ్మలా గుచ్చే చిన్న పట్టీ. దాని మీద ఒక నంబరు ఉంటుంది. బ్యాటరీ లేదు, నెలనెలా బిల్లు లేదు. గుడ్లు పెట్టడానికి ఇసుకలోకి వచ్చిన తాబేలుకు నిమిషాల్లో వేసేయొచ్చు. ఒడిశా తీరంలో జువలాజికల్ సర్వే వాళ్లు ఇలా వేల ఆలివ్ రిడ్లీ జాతి తాబేళ్లకు వేశారు. వాటిలో 03233 నంబరుది 2021లో గహిర్మాతలో బిళ్ల వేయించుకుని, 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరపు తాబేలు పడమటి తీరంలో గూడు కట్టడం! ఆ ఒక్క నంబరు పాత ఊహలన్నిటినీ మళ్లీ తిరగేయించింది.

కానీ ఆ బిళ్ల చెప్పింది రెండు చుక్కలే. మధ్యలో దాదాపు నాలుగేళ్లు అది ఎక్కడ తిరిగింది, శ్రీలంకను చుట్టి వెళ్లిందా, ఏ నీళ్లలో మేసింది? బిళ్లకేం తెలుసు. మళ్లీ ఎవరైనా ఆ తాబేలును చూసి, నంబరు చదివి, ఫోన్ చేస్తేనే కథ ముందుకు సాగేది. పైగా మగ తాబేళ్లు ఒడ్డెక్కవు కాబట్టి బీచ్‌లో వేసే బిళ్ల ఆడవాటికే పరిమితం.

ఆ రెండు చుక్కల మధ్య గీత గీసేది శాటిలైట్ ట్యాగు. డిప్పను గరుకు కాగితంతో రుద్ది, ఆరబెట్టి, అరచేతిలో పట్టేంత పెట్టెను ఎపాక్సీ జిగురుతో అంటిస్తారు. ఉప్పునీళ్లలో మునిగినంతసేపూ అది మూగగా ఉంటుంది. తాబేలు గాలి పీల్చుకోవడానికి తేలినప్పుడు, ఆ కొన్ని క్షణాల్లోనే సంకేతం వదులుతుంది. పైన ఆ సమయానికి, ఇలాంటి సంకేతాలు అందుకునే ఆర్గోస్ అనే పరికరం ఉన్న ఉపగ్రహం వెళ్తుండాలి. ఎంఎంటీఎస్ రైలు కూత మన దగ్గరికొచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది చూడండి, అలా సంకేతంలో వచ్చే తేడాను బట్టి తాబేలు ఎక్కడుందో లెక్కగడతారు. సంకేతాలు బాగా అందితే వందల మీటర్ల తేడాతో, అందకపోతే కిలోమీటర్ల తేడాతో.

2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఓషన్‌శాట్-3 మీద కూడా ఫ్రాన్స్ వాళ్ల ఆర్గోస్ పెట్టె ఉంది. అదే ఉపగ్రహం మీదున్న కెమెరా సముద్రం రంగును చూస్తుంది. చేపల జాడ కట్టేది అలాంటి రంగు, నీటి వేడి లెక్కలతోనే. అంటే చేపను వెతికేదీ తాబేలు గొంతు వినేదీ ఒకే వాహనం ఎక్కి తిరుగుతున్నాయి. ఈ మాట చెబితే బావ మొదటిసారి "అవునా?" అన్నాడు.

దీని బలహీనత కూడా చిన్నదేం కాదు. ఒక్కో ట్యాగు ఖరీదు లక్షల్లో ఉంటుంది కాబట్టి నాలుగింటికో అయిదింటికో పెట్టగలం. 2001లో ఒడిశాలో దేవీ నది మొగ దగ్గర పెట్టింది నాలుగే. నత్తగుల్లలు పట్టడం, యాంటెన్నా విరగడం, బ్యాటరీ అయిపోవడం, తాబేలు చావడం: తెర మీద ఈ నాలుగూ ఒకేలా కనిపిస్తాయి, చుక్క ఆగిపోతుంది, అంతే.

మూడో పద్ధతి డీఎన్ఏ పరీక్ష. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పరిశోధకులు పాలుపంచుకున్న 2004 నాటి అధ్యయనం, మన తూర్పు తీరపు ఆలివ్ రిడ్లీలన్నీ జన్యుపరంగా ఒకే జనాభా అని తేల్చింది. ఒడిశా తాబేలు మన వలలో చస్తే అది ఒడిశా నష్టం అనుకోనక్కర్లేదన్న మాట. దారి మాత్రం చెప్పదు.

నా ఓటు దేనికంటే, ఏళ్ల తరబడి లెక్క కావాలంటే బిళ్లకే. పది లక్షలు చేతిలో పెట్టి "ఒడ్డుకెన్ని తిరిగొస్తున్నాయో చూడు" అంటే శాటిలైట్ జోలికి పోను. కానీ మన దగ్గర తాబేళ్లు చచ్చేది వలలో ఊపిరాడక. అవి గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. మన వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా. ఈ పొంతన లేనితనం తెలియడానికి ఏ ఉపగ్రహమూ అక్కర్లేదు. తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదన్న నియమం ఉంది, అది అమలైతే చాలా తాబేళ్లు బతుకుతాయి. వలకు తాబేలు బయటపడే కంత పెట్టమంటే బావ లాంటివాళ్లు "దాంట్లోంచి చేపా పోతుంది" అంటారు. ఆ కంత పెట్టలేదనే అమెరికా మన సముద్రపు రొయ్యను వద్దంది, ఆ నష్టం ఎవరిది అని నేనూ అడిగాను. సమాధానం రాలేదు.

ఇక్కడే శాటిలైట్ ట్యాగు తన ఖరీదు రాబట్టుకోగలదు. హవాయి దగ్గర 2006 నుంచి టర్టిల్‌వాచ్ అని ఒక పటం ఇస్తున్నారు. ట్యాగులు పెట్టిన లాగర్‌హెడ్ అనే మరో జాతి తాబేళ్ల దారుల్ని నీటి వేడితో పోల్చి, అవి సుమారు 18 డిగ్రీల నీళ్ల చుట్టూ ఎక్కువ తిరుగుతాయని గమనించారు. అంత వేడి ఉన్న నీళ్లు ఈరోజు ఎక్కడున్నాయో చూపించి, అటు గాలాలు వేయొద్దని చేపల బోట్లకు చెబుతున్నారు. ట్యాగు పెట్టింది కొన్నిటికే అయినా, దొరికిన సూత్రం మిగతావాటికీ పనికొచ్చింది. బిళ్ల ఎన్ని వేలు వేసినా ఈ పటం రాదు.

ఇదంతా విని బావ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "చేపలెక్కడున్నాయో ఫోన్‌కు పంపుతున్నారు కదరా. తాబేళ్లెక్కడున్నాయో కూడా అందులోనే పంపమను, ఆ రోజు అటు పోను. అంత బరువుది పడి వల చిరిగితే కూర్చుని కుట్టుకునేది నేనేగా."