కింద మంటకి ఎస్ట్రియాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్ హార్మోన్) క్రీమ్: 11 నెలలు వాడాక చెబుతున్నాను

నాకు 53 ఏళ్లు. నెలసరి ఆగిపోయి రెండున్నరేళ్లు దాటింది. వేడి ఆవిర్లు వచ్చాయి, ఏడాదిలో తగ్గాయి. తగ్గనిది కింద మంట. మూత్రానికి వెళ్లి నీళ్లు పోసుకుంటే చురుక్కుమనేది. ప్యాంటు కుట్టు ఒరుసుకుంటే పచ్చిపుండు మీద గీరినట్టుండేది. నాది రోజంతా కూర్చుని లెక్కలు చూసే ఉద్యోగం. మధ్యాహ్నం దాటేసరికి ఒక పక్కకి ఒరిగి కూర్చోవడం, కాసేపటికి రెండో పక్కకి మారడం, ఎవరైనా గమనిస్తున్నారేమోనని ఫైలు కోసం లేచినట్టు లేవడం. ఏడాదిన్నర ఇలాగే నెట్టుకొచ్చాను. మా ఆయనకి కూడా చాలాకాలం చెప్పలేదు. దగ్గరకు వస్తే తప్పించుకునేదాన్ని, ఆయనేమో నాకు కోపం వచ్చిందనుకునేవారు.

క్రీమ్ సంగతికి వచ్చే ముందు నేను చేసిన పొరపాట్లు చెప్పాలి, ఎందుకంటే మంట అనగానే చాలామంది చేసేది అదే. ఫంగస్ అనుకుని మందుల షాపులో అడిగి క్లోట్రిమజోల్ తెచ్చుకున్నాను, ఒకసారి కాదు, మూడుసార్లు. రెండు రోజులు చల్లగా అనిపించేది, తర్వాత మంట ఇంకా ఎక్కువయ్యేది. శుభ్రత చాలడం లేదేమోనని వాసన వేసే వాష్ కొని రోజుకి రెండుసార్లు కడుక్కున్నాను. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి లేదని తర్వాత తెలిసింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని రెండుసార్లు యాంటీబయాటిక్ వాడాను. రెండోసారి కల్చర్ చేయిస్తే ఏ క్రిమీ పెరగలేదు.

మొదట చూపించుకున్న డాక్టర్ నన్ను పరీక్ష చెయ్యనే లేదు. కూర్చున్న చోటి నుంచే "ఈ వయసులో ఇవన్నీ మామూలేనమ్మా" అన్నారు. ఆ మాట నన్ను మరో ఆరు నెలలు వెనక్కి నెట్టింది.

రెండో ఆవిడ లైటు వేసి నిదానంగా చూశారు. బయటి పెదవుల దగ్గర తెల్లని మచ్చలు, చర్మం గట్టిపడటం ఉన్నాయేమో వెతికారు. అవి ఉంటే లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చట, దానికి వాడేది ఘాటైన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్, ఎస్ట్రియాల్ కాదు. నెలసరి ఆగాక ఎప్పుడైనా రక్తం కనిపించిందా అని రెండుసార్లు అడిగారు. ఒక్క చుక్క కనిపించినా ముందు దాని సంగతి తేల్చాకే మిగతాది అన్నారు. తర్వాత పీహెచ్ కాగితం (పులుపు ఎంతుందో కొలిచేది, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) పెట్టి చూపించారు. నెలసర్లు వచ్చే వయసులో 3.8 నుంచి 4.5 మధ్య ఉండాల్సింది నాకు 6 ఉంది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఈస్ట్రోజెన్ ఉన్నన్నాళ్లు యోని గోడ పొరలు పొరలుగా మందంగా ఉంటుంది, ఆ కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా దాని మీద బతికి లాక్టిక్ ఆసిడ్ తయారుచేస్తుంది, ఆ పులుపే అక్కడ కాపలా. ఈస్ట్రోజెన్ తగ్గితే గోడ పల్చబడుతుంది, తడి ఆరిపోతుంది, కాపలా పోతుంది. మూత్రనాళం చివర కూడా ఇదే హార్మోన్ మీద ఆధారపడుతుంది కాబట్టే క్రిమి లేకపోయినా మూత్రం మంట. ఈస్ట్ (నేను అనుకున్న ఫంగస్) తగ్గడానికి కూడా ఇదే కారణమట, నెలసరి ఆగి హార్మోన్లు వాడని వాళ్లలో అది అంత తరచుగా రాదు. ఇదివరకు దీన్ని అట్రోఫిక్ వెజైనైటిస్ అనేవారు, 2014 నుంచి జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్ అంటున్నారు. "వేడి ఆవిర్లలాగా దీనంతట ఇది పోదు, వదిలేస్తే పెరుగుతుంది" అన్నారావిడ. నా బాధకి ఒక పేరుందని విని ఆ కుర్చీలోనే కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

ముందు ఆరు వారాలు హార్మోన్ లేని మాయిశ్చరైజర్ ఇచ్చారు, హైల్యురోనిక్ ఆసిడ్ ఉన్న జెల్, రెండు మూడు రోజులకోసారి రాత్రి పడుకునే ముందు. నడుస్తున్నప్పుడు ఒరిపిడి తగ్గింది, అది నిజం. మంట మాత్రం పోలేదు. మాయిశ్చరైజర్ వేరు, లూబ్రికెంట్ వేరు అని కూడా నాకు అప్పుడే తెలిసింది: మొదటిది రోజువారీ పొడిదనానికి, రెండోది కలయిక సమయానికి. నేను ముందే కొనుక్కున్న లూబ్రికెంట్‌లో గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ ఎక్కువ. రాయగానే నిప్పు అంటుకున్నట్టయ్యేది. అలాంటివి గాఢంగా ఉండి కణాల్లోని నీటినే లాగేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లూబ్రికెంట్ ఆస్మలాలిటీ (ఆ గాఢతని చెప్పే అంకె) 1200 దాటకూడదని, 380 లోపు ఉంటే మేలని చెబుతుంది. డబ్బా మీద ఆ అంకె లేకపోతే కనీసం ఈ రెండు పేర్లు ముందువరుసలో ఉన్నాయేమో చూసుకోండి.

ఇక క్రీమ్. నాకు రాసిచ్చింది 0.1 శాతం ఎస్ట్రియాల్, అంటే గ్రాముకి 1 మిల్లీగ్రాము. అప్లికేటర్ మీద గీత వరకు నింపితే అర గ్రాము. మొదటి మూడు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు.

మొదటి రాత్రి మందు ఇంట్లోనే ఉండిపోయింది, నేను వాడలేదు. లోపలి కాగితం చదివి భయపడ్డాను: గుండె, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్. మర్నాడు డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆ హెచ్చరికలు 2002లో బయటికొచ్చిన ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అధ్యయనం నుంచి వచ్చినవని, అందులో వాళ్లు మింగే మాత్రలు వాడారని, ఇది రాసినచోటే పనిచేసే తక్కువ మోతాదని, రక్తంలోకి వెళ్లేది స్వల్పమని ఓపిగ్గా చెప్పారు. గర్భసంచి ఉన్నా దీనితోపాటు ప్రొజెస్టరాన్ (గర్భసంచి లోపలి పొరని కాపాడే హార్మోన్) అక్కర్లేదన్నారు. ఆ రాత్రి మొదలుపెట్టాను.

మొదటి వారం మండింది. ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది, నేను నాలుగో రోజు మానేయబోయాను. పల్చబడిన చర్మం మీద ఏది రాసినా అంతేనట. పదో రోజుకి రాసిన పావుగంట మంట పోయింది. మూడో వారం చివర ఒక ఉదయం నీళ్లు పోసుకున్నాక చురుక్కుమనలేదని బట్టలు వేసుకున్నాక గానీ గుర్తురాలేదు. కూర్చోవడం సులువవడానికి రెండు నెలలు పట్టింది. కలయికలో నొప్పి తగ్గడానికి మూడు నెలలు, అదీ లూబ్రికెంట్‌తోనే. పీహెచ్ మళ్లీ చూస్తే 4.8. వారంలో తేలిపోతుందనుకుని కొంటే మాత్రం నిరాశ తప్పదు.

ఐదో నెలలో బాగైపోయిందని ఆపేశాను. ఆరు వారాలు తిరిగేసరికి అదే మంట, అదే ఒరిపిడి. శరీరంలో ఈస్ట్రోజెన్ తిరిగి రాలేదు కదా, మందు ఆపితే గోడ మళ్లీ పల్చబడుతుంది. ఇప్పుడు సోమవారం, గురువారం రాత్రులు తప్పకుండా వాడుతున్నాను.

అందరికీ ఇదే సరిపోతుందని చెప్పను. మా అక్కకి రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది, శరీరంలో ఈస్ట్రోజెన్ తయారవకుండా ఆపే అరోమటేజ్ ఇన్హిబిటర్ మాత్రలు వేసుకుంటోంది. ఆ మాత్రల వల్ల తనకి నాకంటే ఎక్కువ మంట. "నువ్వు వాడేదే నాకూ తెచ్చిపెట్టవే" అంది. "నీ క్యాన్సర్ డాక్టర్‌ని అడక్కుండా నేను తేనక్కా" అన్నాను. ఆయన ప్రస్తుతానికి హార్మోన్ వద్దన్నారు. అక్క జెల్ క్రమం తప్పకుండా వాడుతోంది, కొంత ఊరట ఉంది. ఒకచోట నాకు లేజర్ చేయించుకోమని కూడా సలహా ఇచ్చారు. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ యంత్రాల గురించి హెచ్చరించిందని, కాలిన గాయాలు, మచ్చలు రావచ్చని డాక్టర్ చెప్పాక ఆ ఆలోచన వదిలేశాను.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది అప్లికేటర్ వల్ల. చివర గట్టిగా ఉంటుంది, మొదటి వారాల్లో గుచ్చుకుని ఒకసారి లోపల గీరుకుంది. పైగా అది మందుని బాగా లోపలికి తీసుకెళ్లి వదులుతుంది, నాకు మంట ఉన్నదేమో ద్వారం దగ్గర, మూత్రనాళం చుట్టూ. డాక్టర్‌ని అడిగితే అదే అర గ్రాములోంచి బఠాణీ గింజంత వేలితో బయటివైపు రాసుకోమన్నారు, మిగతాది కూడా గోళ్లు తీసుకుని వేలితోనే పెట్టుకోవచ్చన్నారు. అప్పటినుంచి అప్లికేటర్‌ని కొలతకే వాడుతున్నాను.