లాంగ్‌హార్న్స్ సాఫ్ట్‌బాల్: టికెట్ కొనొచ్చా, ఎక్కడ కూర్చోవాలి, 2026 టీమ్ ఎలా ఉంది

ముందే చెప్పేస్తున్నా, కొనండి. ఆస్టిన్ చుట్టుపక్కల ఉంటూ, ఇంట్లో పదేళ్ళు దాటిన ఆడపిల్ల ఉండి, శనాదివారాలు ఇండియన్ స్టోర్‌కీ బర్త్‌డే పార్టీలకీ తిరగడంతోనే అయిపోతున్నవాళ్ళయితే ఇంకేం ఆలోచించకండి. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ అమ్మాయిల (లాంగ్‌హార్న్స్ అంటే వీళ్ళే) సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లకి మేం రెండేళ్ళుగా వెళ్తున్నాం, ఈ ఫిబ్రవరిలో మొదలయ్యేది మాకు మూడో సీజన్. పోయిన జూన్‌లో, అంటే 2025లో, వీళ్ళు మొట్టమొదటిసారి నేషనల్ ఛాంపియన్లు అయ్యారు, అంచేత ఈసారి జనం ఎగబడతారు. నాలాగా శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగి చూద్దాంలే అనుకుంటే సీటు దొరకదు.

మాది అనంతపురం. ఊరెళ్ళినప్పుడు ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండ్లో అమ్మాయిలు సాఫ్ట్‌బాల్ ఆడుతుంటే చూశానేగానీ, అదేదో బేస్‌బాల్‌కి చెల్లెలు అనుకుని వదిలేశాను. మా ఆయనది ఇంకా ఘోరం. కాలేజీ రోజుల్లో క్రికెట్ ఆడిన మనిషి కదా, మొదటిరోజు సీట్లో కూర్చుని "కింద నుంచి విసిరే బంతి, దీన్ని కొట్టడానికి ఇంత కష్టపడాలా?" అన్నారు. మా పాప అప్పుడేమీ అనలేదు. తర్వాతి ఆదివారం సీడర్ పార్క్‌లో దాని ప్రాక్టీస్ అయ్యాక, వాళ్ళ క్లబ్బులో పధ్నాలుగేళ్ళ పిచర్ని, అంటే బంతి విసిరే అమ్మాయిని, బతిమాలి, ఈయన చేతికి బ్యాట్ ఇచ్చి నిలబెట్టింది. ఆరు బంతులు. అయిదింటికి గాలిని కొట్టారు, ఆరోది బ్యాట్ అంచుకి తగిలి ఆయన బూటు మీదే పడింది. "నాన్నా, బంతి చూశాక తిప్పితే లేటయిపోతుంది, పిచర్ తుంటి దగ్గర చెయ్యి చూసి మొదలెట్టాలి" అంది. ఇప్పుడు మా ఇంట్లో మ్యాచ్‌ల క్యాలెండర్ అందరికన్నా ముందు చూసేది ఆయనే.

ఆయన లెక్క కూడా వేశారు, క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇది నచ్చుతుంది. సాఫ్ట్‌బాల్లో పిచర్ నిలబడే చోటికీ బ్యాటర్‌కీ మధ్య 43 అడుగులు. గంటకి 70 మైళ్ళు, అంటే 112 కిలోమీటర్ల వేగంతో విసిరితే బంతి 0.42 సెకన్లలో వచ్చేస్తుంది. 22 గజాల పిచ్ మీద 140 కిలోమీటర్ల ఫాస్ట్ బౌలర్ బంతికి అర సెకను పైనే పడుతుంది. పైగా ఇక్కడ నేలని తాకి రాదు, నేరుగా వస్తుంది, రైజ్ బాల్ అయితే చివర్లో పైకి లేస్తున్నట్టే కనిపిస్తుంది, వెంటనే అదే చేతి ఊపుతో ఛేంజప్ వేస్తే బ్యాటర్ ఊపు అయిపోయాక బంతి తీరిగ్గా వస్తుంది. బంతి పెద్దదే, చుట్టుకొలత 12 అంగుళాలు, క్రికెట్ బంతి 9 అంగుళాల్లోపే. పెద్దదైనా ఏం లాభం, చూసే టైమే లేదు.

ఇక గ్రౌండ్ సంగతి. రెడ్ అండ్ చార్లీన్ మెకాంబ్స్ ఫీల్డ్, 1998 నుంచి ఉంది, ఐ-35కి తూర్పున, బేస్‌బాల్ వాళ్ళ డిష్-ఫాక్ గ్రౌండ్‌కి దగ్గర్లోనే. సీట్లు పన్నెండొందల పైచిలుకు, అంతే. ఓక్లహోమా వాళ్ళు 2024లో తెరిచిన లవ్స్ ఫీల్డ్‌లో 4,200. ఛాంపియన్ టీమ్‌కి ఇంత చిన్న గ్రౌండేంటని నాకూ అనిపిస్తుంది, కానీ చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ఆ చిన్నదనమే లాభం. వెనక వరసలో కూర్చున్నా క్యాచర్ (మన వికెట్ కీపర్‌లాగా) గ్లవ్‌లో బంతి పడిన చప్పుడు వినిపిస్తుంది, తడి బట్టని బండ మీద బాదినట్టు. డగౌట్లో, అంటే టీమ్ కూర్చునే చోట, అమ్మాయిలు మ్యాచ్ మొదలైన దగ్గర్నుంచీ పాటలు, కేకలు, చప్పట్లు, ఒక్క నిమిషం నోరు మూయరు. మా పాపకి ఆ పాటలన్నీ వచ్చు, మాకూ వచ్చేస్తున్నాయి.

ఎక్కడ కూర్చోవాలంటే, హోమ్ ప్లేట్, అంటే బ్యాటర్ నిలబడే చోటు, దాని వెనక వల దగ్గర. రెండోసారి ఆలోచించకండి. అక్కడైతే పిచర్ ఎదురుగా కనిపిస్తుంది. 8 అడుగుల వ్యాసార్ధంతో గీసిన సున్నపు వలయంలో నిలబడి, చెయ్యి ఒక పూర్తి చుట్టు తిప్పి, తుంటి పక్కన మణికట్టు ఠక్కున విరిచే క్షణం ఒకటుంటుంది. వెనక కాలు నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది, మ్యాచ్ సగం అయ్యేసరికి అక్కడ మట్టిలో గాడి పడిపోతుంది. మా పాప ఆ మణికట్టు విరుపే చూస్తుంది, బంతి ఎటుపోయిందో పట్టించుకోదు, ఇంటికొచ్చి నాన్న సాక్స్ ఉండలా చుట్టి సోఫా దిండు మీదకి అదే విరుపుతో వంద సార్లు విసురుతుంది. పక్కల్లో, దూరంగా కూర్చుంటే పరుగులు బాగా కనిపిస్తాయిగానీ ఆట సగం పోతుంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. రెండేళ్ళ కిందట ఒక రీసేల్ యాప్‌లో కొంటే ఫీజులు కలిపి చివరి పేజీలో టికెట్ రేటు దాదాపు రెట్టింపైంది, పైగా పక్కపక్క సీట్లన్నారు, వెళ్తే ముందూ వెనకా. అప్పట్నుంచి యూనివర్సిటీ టికెట్ సైట్‌లోనే కొంటున్నాం. పార్కింగ్‌కి గంట ముందు వెళ్ళండి. ఏప్రిల్ మధ్యాహ్నం మ్యాచ్ అయితే టోపీ, సన్‌స్క్రీన్ లేకుండా వెళ్ళడం తెలివితక్కువతనం, నేను చేశాను.

సరే, అసలు విషయం, ఈ ఏడాది టీమ్. ఒక్క మాటలో నా అభిప్రాయం: బ్యాటింగ్ గురించి టెన్షన్ లేదు, టీగన్ కవన్ గురించి అసలే లేదు, ఉన్న టెన్షనల్లా ఆమె విసరని రోజుల గురించే.

కవన్ ఇప్పుడు జూనియర్, అంటే మూడో ఏడు. ఊరు అయోవా. పోయినేడు ఓక్లహోమా సిటీలో జరిగిన విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్‌లో తన తప్పు వల్ల ఒక్క రన్ కూడా ఇవ్వలేదు, వాళ్ళ భాషలో ఎర్న్‌డ్ రన్ సున్నా. మోస్ట్ అవుట్‌స్టాండింగ్ ప్లేయర్ అవార్డు ఆమెదే. కానీ ఆ టోర్నమెంట్లో భారమంతా దాదాపు ఆ ఒక్క భుజం మీదే పడింది. పోయినేడు తోడుగా ఉన్న మ్యాక్ మోర్గన్ చదువైపోయి వెళ్ళిపోయింది. సిట్లాలి గుటియెర్రెజ్ సీనియర్, అనుభవం ఉంది, కానీ పెద్ద మ్యాచ్ మొదటి బంతి నుంచి ఆమె చేతికిచ్చే ధైర్యం కోచ్‌కి ఉందా అనేది ఫిబ్రవరిలోనే చూడాలి. పోయినేడు ఫ్రెష్‌మన్‌గా వచ్చిన కేంబ్రియా సామన్ ఉంది, కొత్త పిల్లలున్నారు.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, టెక్సస్ ఆడే ఎస్ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) లీగ్‌లో సాఫ్ట్‌బాల్ ఆడే టీములు 15, ఒక్కో టీమ్‌కి 24 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు, ఎనిమిది వారాంతాలు, ఒక్కో వారాంతం ఒకే ప్రత్యర్థితో మూడు మ్యాచ్‌లు. శుక్రవారం కవన్ గెలిపిస్తుంది. ఆదివారం మళ్ళీ కవనే అయితే, అదే బ్యాటర్లు రెండు రోజుల్లో ఆమె చెయ్యిని బాగా చదివేసుంటారు. మధ్యలో శనివారం ఎవరు? నేనైతే మార్చి నెలంతా శనివారం మ్యాచ్‌లే చూడమంటాను, స్కోర్ కోసం కాదు, ఆ రోజు వలయంలో ఎవరు నిలబడ్డారో చూడ్డానికి. కోచ్ మైక్ వైట్ న్యూజిలాండ్ మనిషి, మగవాళ్ళ ఫాస్ట్‌పిచ్‌లో ఒకప్పుడు పేరున్న పిచర్, పిచింగ్ గురించి ఆయనకి నేను చెప్పేదేముంది. కానీ గెలుపు దగ్గర్లో కనిపిస్తే కవన్‌ని ఆపడం ఏ కోచ్‌కైనా కష్టమే.

బ్యాటింగ్‌లో మొదటి పేరు రీస్ ఆట్‌వుడ్, క్యాచర్, సీనియర్. 2024లో 23 హోమ్ రన్లు కొట్టి, 90 రన్లు రాబట్టి రెండింట్లోనూ యూనివర్సిటీ రికార్డులు రాసుకుంది. అందరికీ గుర్తుండిపోయింది మాత్రం హోమ్ రన్ కాదు. పోయిన జూన్ ఫైనల్స్ మొదటి మ్యాచ్, టెక్సస్ టెక్ ఒక రన్ ముందుంది, ఏడింట్లో ఆరో ఇన్నింగ్స్, బేస్‌ల మీద ఇద్దరున్నారు. ఆట్‌వుడ్‌కి కొట్టే అవకాశమే ఇవ్వకూడదని కావాలనే దూరంగా బంతులు వేస్తోంది టెక్ పిచర్ నైజెరీ కెనడీ, మూడు వేసింది కూడా. నాలుగోది కాస్త లోపలికొచ్చింది. అంతే, చెయ్యి చాపి లెఫ్ట్ ఫీల్డ్‌లోకి కొట్టేసింది, ఇద్దరూ వచ్చేశారు, మ్యాచ్ 2-1. మా ఇంట్లో ఆ రాత్రి కుక్కర్ ఎన్ని విజిళ్ళేసిందో ఎవరూ లెక్కపెట్టలేదు, పప్పు ముద్దయిపోయింది.

కేటీ స్టీవర్ట్ ఇంకో పేరు, జూనియర్, బంతి బ్యాట్‌కి తగిలిన చప్పుడుని బట్టే ఆమె కొట్టిందని చెప్పొచ్చు. ఆష్టన్ మలోనీది పూర్తిగా వేరే ఆట. ఎడమచేతి వైపు నిలబడి, బంతి వస్తుండగానే మొదటి బేస్ వైపు అడుగులేస్తూ కొట్టే స్లాపర్, ఫీల్డర్ బంతి అందుకునేలోపే సగం దూరం వెళ్ళిపోతుంది. బేస్‌ల మధ్య 60 అడుగులే కాబట్టి ఈ ఆటలో అలాంటి వాళ్ళకి విలువెక్కువ. లీయాన్ గూడ్, వివియానా మార్టినెజ్ ఇన్‌ఫీల్డ్‌లో ఉన్నారు. గమనించారో లేదో, ఆట్‌వుడ్, గూడ్, మార్టినెజ్, మలోనీ, గుటియెర్రెజ్ అంతా 2023లో కలిసి వచ్చినవాళ్ళు, 2024 ఫైనల్లో ఓక్లహోమా చేతిలో ఓడినప్పుడూ కలిసే ఉన్నారు, పోయినేడు గెలిచినప్పుడూ కలిసే. అందరికీ ఇదే ఆఖరి ఏడు. వచ్చే ఏడు చూద్దాంలే అనుకునేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే, వచ్చే ఏడు వీళ్ళెవరూ ఉండరు.

లోటంటే మియా స్కాట్. మూడో బేస్. మోకాలి లిగమెంట్ తెగిపోయినా ఫైనల్స్ ఆడి, మూడో మ్యాచ్‌లో గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌ల మీదా మనుషులుండగా హోమ్ రన్) కొట్టి, కుంటుకుంటూ నాలుగు బేస్‌లూ తిరిగొచ్చిన అమ్మాయి. ఆ మ్యాచ్ 10-4తో గెలిచారు, ట్రోఫీ వచ్చింది. ఆమె వెళ్ళిపోయింది, ఫస్ట్ బేస్ నుంచి జోలీ మిచెల్ కూడా వెళ్ళిపోయింది. రన్లు ఎవరో ఒకరు కొడతారు, మూడో బేస్ దగ్గర స్కాట్ నిలబడే ఆ ధీమా ఎక్కణ్ణుంచి తెస్తారు? మొదటి నెలలో అటువైపు ఎరర్లు పడితే ఆశ్చర్యపోవద్దు.

ఎదుటివాళ్ళు ఊరుకుంటారా? లబక్‌లో టెక్సస్ టెక్ ఈసారీ కెనడీ చుట్టూనే, చాలామంది పేరున్న ప్లేయర్లని వేరే కాలేజీల నుంచి తెచ్చుకున్నారు. 2024లో స్టాన్‌ఫర్డ్ నుంచి ఆమె వచ్చినప్పుడు ఒప్పందం 10,50,024 డాలర్లు, చివరి 24 ఆమె జెర్సీ నంబర్. టెనెసీలో కార్లిన్ పికెన్స్ పోయినేడు 79.4 మైళ్ళ బంతి వేసింది, కాలేజీ సాఫ్ట్‌బాల్లో అంతకుముందు అంత వేగం ఎవరూ చూడలేదు. ఓక్లహోమా సంగతి చెప్పక్కర్లేదు, ప్యాటీ గాసో కోచింగ్‌లో 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు టైటిళ్ళు. టెనెసీ, ఓక్లహోమా ఇద్దరూ ఎస్ఈసీ వాళ్ళే.

నా లెక్కలో లాంగ్‌హార్న్స్ మళ్ళీ ఓక్లహోమా సిటీకి, ఆఖరి ఎనిమిది టీముల్లోకి వెళ్తారు. ట్రోఫీ మాత్రం ఏప్రిల్ ఆఖరికి కవన్ ఎన్ని ఇన్నింగ్స్ వేసుంటుందో చూసి చెప్తాను. పోయిన మేలో క్లెమ్సన్‌తో సూపర్ రీజనల్ (వరల్డ్ సిరీస్‌కి ముందు రౌండ్) ఇక్కడే మూడో మ్యాచ్ దాకా వెళ్ళింది, ఇంటికెళ్ళిపోవాల్సిన అంచుదాకా వెళ్ళి వచ్చారు, ప్రతిసారీ అలా కుదరదు. ఒకప్పుడు టెక్సస్ పిచర్ క్యాట్ ఆస్టర్‌మన్ ఈ ఊళ్ళోనే ఆడింది, 2,265 స్ట్రైకౌట్లు (బంతి అందకుండా బ్యాటర్‌ని అవుట్ చెయ్యడం), అయినా ఆ కాలంలో టైటిల్ రాలేదు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఫిబ్రవరిలో చిన్న టీములతో మ్యాచ్ ఎంచుకోండి, జనం తక్కువ, పిల్లలకి రూల్స్ చెప్పుకుంటూ చూడొచ్చు. ఏడు ఇన్నింగ్సే, రెండు గంటల్లో అయిపోతుంది, అయిదు ఇన్నింగ్స్ అయ్యేసరికి 8 రన్ల తేడా ఉంటే అక్కడితో ఆపేస్తారు, మర్నాడు స్కూలున్నా ఇబ్బంది లేదు. రాత్రి మ్యాచ్‌కి దుప్పటి తీసుకెళ్ళండి, చలికి సీటు కూడా గడ్డకట్టినట్టుంటుంది. బ్యాగ్ బయటికి కనిపించే ప్లాస్టిక్‌దే ఉండాలి. మేమైతే పులిహోర కారు డిక్కీ దగ్గరే తినేసి వెళ్తాం, లోపల పాపకి నాచోస్ ఒకటి కొనక తప్పదు. ఆట మొదలవడానికి ముందు పిచర్లు వార్మప్ చేసుకునే చోటికి వెళ్ళి నిలబడండి, వల పక్కనుంచి బంతి వెళ్ళే చప్పుడు వింటే మీవాళ్ళు కూడా సాక్స్ చుట్టడం మొదలెడతారు.