నూట నలభై ఐదు పౌండ్ల చలి

స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో, స్టోర్నొవే ఊళ్ళో మా బసకి రాత్రికి 145 పౌండ్లు. ఫొటోల్లో ‘పాతకాలపు రాతి ఇల్లు’. తీరా చూస్తే సిమెంటు గోడకి రాతి పలకలు అంటించారు. జూన్‌లో కూడా పళ్ళు టకటకలాడే చలి, తొమ్మిదింటికల్లా హీటింగ్ బంద్. అడిగితే బుల్లి హీటర్ చేతికిచ్చి, రోజుకి పది పౌండ్లన్నాడు యజమాని. "ఇంత పోసి వణకడానికొచ్చామా అమ్మాయ్?" అన్నారు అత్తయ్య, రెండు స్వెటర్ల మీద శాలువా లాక్కుంటూ. బుక్ చేసిన మావారు మాత్రం కిటికీలోంచి సముద్రం చూస్తున్నారు.

ఉల్లాపూల్ రేవు నుంచి దీవికి పడవ ప్రయాణం హాయిగా సాగింది. ఆదివారం లూయిస్ దీవిలో చాలా వరకు మూతే, ఆ రోజు పెట్టుకోకండి.

సోమవారం అదే దీవిలోని ఆర్నోల్ అనే పల్లెకి వెళ్ళాం. అక్కడి 42వ నంబరు ‘బ్లాక్‌హౌస్’లో (ఇక్కడి పాతకాలపు రాతిగోడల, గడ్డికప్పు ఇల్లు) 1960ల మధ్య దాకా కాపురమున్నారు. గొడ్లకీ మనుషులకీ ఒకే కప్పు, ఒకే గుమ్మం. వంగి లోపలికెళ్ళగానే పొగ. నేల మధ్యన నిప్పు, పొగగొట్టం లేదు! బురద నేలలోంచి కోసి ఎండబెట్టిన పీట్ పెళ్ళలు నిదానంగా రాజుకుంటున్నాయి. అత్తయ్య ఒకటి చేత్తో తూచి, "పిడకే, పేడ లేదంతే" అని తేల్చేశారు.

సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రెండు రాతి గోడలు, నడుమ మట్టి కూరారు. పైకప్పు లోపలి గోడ మీదే ఆగుతుంది, చూరు బయటికి రాదు. మరి వాన నీళ్ళో? గోడ నడుమ మట్టిలోకి ఇంకిపోతాయి. గోడ నెత్తిన గడ్డి మొలిచింది. కప్పు గాలికి ఎగరకుండా తాళ్ళు కట్టి రాళ్ళు వేలాడదీశారు.

కొట్టం వైపు మురుగు కాలువ చూశాక అత్తయ్య మాట్లాడటం ఆపలేదు. ఇలాంటి ఇళ్ళల్లో పెంటని చలికాలమంతా లోపలే పోగేసి, వసంతంలో పొలానికి తోలేవారట. పొగచూరిన కప్పు గడ్డి కూడా ఎరువే. గొడ్ల ఒంటి వేడి ఇంటికి అదనం. "మా పుట్టింట్లో సావిడి వేరు, లేకపోతే ఇదే" అన్నారు.

ఈ ఇల్లు చూడటానికి టికెట్లు ముగ్గురికీ కలిపినా మా బస ఒక రాత్రి అద్దెలో నాలుగో వంతు కాదు. గంటన్నర ఉన్నాం, శాలువా తీసి భుజాన వేసుకున్నారావిడ.

మర్నాడు ఖాళీ చేస్తుంటే మూడు రాత్రుల హీటర్‌కి 30 పౌండ్లు వసూలు చేశాడు బస యజమాని. రసీదు అడిగితే వెతుకుతున్నట్టు నటించాడు. ఈసారి మావారే అడిగారు, గట్టిగా.