చౌమహల్లా ప్యాలెస్: ఉద్యానాన్ని కూడా ఇంటిలో భాగంగా చూసిన పునరుద్ధరణ

చార్మినార్ దగ్గర లాడ్ బజార్ గాజుల దుకాణాలను దాటి ఖిల్వత్ ప్రాంతం వైపు నడిచి, నిజాంల ప్రాసాదమైన చౌమహల్లా ప్రాంగణంలో అడుగుపెట్టినప్పుడు ముందుగా మనసును పట్టుకునేది భవనం కాదు, ఆ భవనం ముందు పరుచుకున్న ఖాళీ స్థలం. పొడవైన నీటి కొలను, ఫౌంటెన్లు, ఇరువైపులా పచ్చిక, ఆ చివర దర్బారు మందిరమైన ఖిల్వత్ ముబారక్ కమానులు. పాతబస్తీ ఇరుకు వీధుల నుంచి వచ్చిన కంటికి ఆ విశాలత ఎంత సేద తీరుస్తుందో, లోపలికి వెళ్లిన వారందరికీ తెలుసు. మన మండువా లోగిళ్లలో ఇల్లంతా నడిమి వాకిలి వైపు తిరిగి ఉన్నట్టే, ఇక్కడి గదులు, వసారాలు, మహళ్లు అన్నీ నీటి వైపు తిరిగి ఉంటాయి.

1750లో హైదరాబాదు పాలకుల్లో ఒకరైన సలాబత్ జంగ్ కాలంలో మొదలైన ఈ నిర్మాణం, 1857 నుంచి 1869 వరకు పాలించిన అయిదవ నిజాం అఫ్జల్ ఉద్ దౌలా హయాంలో పూర్తయింది. ఒకప్పుడు 45 ఎకరాల్లో ఉన్న ఆవరణలో ఇప్పుడు మిగిలింది సుమారు 12 ఎకరాలే. ఎనిమిదవ నిజాం ముకర్రం జాకు 1967లో పట్టాభిషేకం జరిగింది కూడా ఇక్కడే. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆలనాపాలనా కరువైన ఈ భవనాలను, ముకర్రం జా మొదటి భార్య ఎస్రా పట్టుబట్టి నిలబెట్టారు. వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రా ఆధ్వర్యంలో ఏళ్ల తరబడి పని సాగిన తర్వాత, 2005లో సామాన్యుల కోసం తలుపులు తెరిచారు. 2010లో వారసత్వ పరిరక్షణకు గాను యునెస్కో ఆసియా పసిఫిక్ మెరిట్ అవార్డు లభించింది.

ఆ పురస్కారం ఎందుకు తగినదో గోడల దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. పాత సున్నపు గోడ తేమను పీల్చుకుని తిరిగి గాలిలోకి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కుకుని, పూతను పెచ్చులుగా ఊడగొడుతూ చివరికి గోడనే తినేస్తుంది. మా ప్రాంతంలో ఒక పాత దివాణానికి మరమ్మతు పేరుతో సిమెంటు పూసి, పైన ఆయిల్ పెయింటు వేయగా, రెండు వానాకాలాలు గడిచేసరికి గోడలు ఉబ్బి, లతల అలంకారాలు ముక్కలుగా రాలిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ బాధ మనసులో ఉండబట్టే కాబోలు, ఖిల్వత్‌లో సున్నపు పనితనాన్ని, కమానుల అంచుల వెంట సాగే సన్నని నగిషీని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఇక్కడ కొత్త చేయి పాత చేతిని మించాలని ప్రయత్నించలేదు. మంచి మరమ్మతుకు నా లెక్కలో ఇదే గీటురాయి.

దర్బారు మందిరంలో పాలరాతి వేదిక తఖ్త్-ఎ-నిషాన్, పైన వేలాడే 19 బెల్జియం షాండ్లియర్లు అందరూ ఫోటోలు తీసుకునేవే. వాటి వైభవం గురించి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. నా దృష్టిలో అసలు సంపద దక్షిణ ఆవరణ. అఫ్జల్ మహల్, మహతాబ్ మహల్, తహ్నియత్ మహల్, ఆఫ్తాబ్ మహల్ అనే నాలుగు భవనాలు కలిసి ఈ ప్రాసాదానికి పేరు తెచ్చాయి. వాటి యూరోపియన్ తరహా స్తంభాలు, నడుమ ఉన్న తోట, నీరు వేరువేరుగా కాక ఒకే ఊహలోంచి పుట్టినట్టుంటాయి. ఉత్తర ఆవరణలో, ఒకప్పుడు పరిపాలనా విభాగంగా ఉన్న బారా ఇమాం వసారా నీడలో కాసేపు కూర్చుంటే, ఎండకు ఆ కాలపు వారు కనిపెట్టిన విరుగుడు ఒంటికే తెలిసివస్తుంది. తోటను ఎండబెట్టి భవనాన్ని మాత్రమే బాగుచేసి ఉంటే ఈ అనుభవం దక్కేది కాదు.

ఇదే కుటుంబానికి చెందిన ఫలక్‌నుమా 2010లో విలాసవంతమైన హోటల్‌గా తెరుచుకుంది. పాత కట్టడాన్ని బతికించడానికి అదీ ఒక మార్గమే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే టికెట్టు కొనగలిగిన ఎవరైనా, పాఠశాల పిల్లలతో సహా, దర్బారు మందిరంలోకి నడిచి వెళ్లగలిగే చౌమహల్లా దారే నాకు ఎక్కువ ఇష్టం. 2023 జనవరిలో ముకర్రం జా పార్థివ దేహాన్ని ప్రజల సందర్శనార్థం ఉంచింది కూడా ఈ ప్రాసాదంలోనే.

శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకు చూడవచ్చు. నడక ఎక్కువ కనుక వేసవిలో పొద్దున్నే వెళ్లడం మేలు. ఖిల్వత్ చూడగానే అంతా అయిపోయిందనుకుని వెనుదిరగకుండా, దక్షిణ ఆవరణకు కనీసం గంట సమయం కేటాయించండి. ప్రవేశద్వారం మీది ఖిల్వత్ గడియారాన్ని కూడా ఆగి చూడండి. రెండు శతాబ్దాలు దాటిన ఆ యంత్రానికి, గడియారాల పనిలో ఆరితేరిన ఒక కుటుంబం వారు వారం వారం కీ ఇస్తూ వస్తున్నారు.