ఆరేళ్ళు జీటీ, నాలుగేళ్ళు స్పోర్ట్స్ కారు: రెండూ నడిపాక నాకు తెలిసింది

పోయిన నెల నా జీటీని, అంటే దూరప్రయాణాలు హాయిగా, వేగంగా చేయడానికి తయారైన కారును, అమ్మేశాను. ఆరేళ్ళలో 71,000 కిలోమీటర్లు తిరిగింది. దాని పక్కనే నాలుగేళ్ళుగా ఉన్న స్పోర్ట్స్ కారు మొన్ననే 26,000 దాటింది, దాన్ని మాత్రం ఉంచుకున్నాను. ఈ రెండు రకాల్లో ఏది కొనాలో తేల్చుకోలేక ఏళ్ళ తరబడి ఊగిసలాడినవాణ్ణి. అదే స్థితిలో ఉన్నవాళ్ళకు ఉపయోగపడుతుందని ఇదంతా రాస్తున్నాను.

కంపెనీల పేర్లు చెప్పను. నేను పోల్చేది రెండు బ్రాండ్లను కాదు, రెండు రకాల బళ్ళను. జీటీకి ముందు భాగంలో ట్విన్ టర్బో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, నాలుగు చక్రాలకూ డ్రైవ్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఎయిర్ సస్పెన్షన్ (ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు స్ప్రింగులు). బరువు 2,250 కిలోలు. స్పోర్ట్స్ కారుకు సీట్ల వెనకే టర్బో లేని ఆరు సిలిండర్ల ఇంజిన్, వెనక చక్రాలకే డ్రైవ్, ఆరు గేర్ల మాన్యువల్, రెండే సీట్లు. బరువు 1,350 కిలోలు. మధ్యలో 900 కిలోల తేడా. మిగతా తేడాలు దాదాపు అన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

జీటీ గొప్పతనం నాకు పూర్తిగా అర్థమైంది ఒక వానాకాలపు రాత్రి. నాన్నకు మోకాలి ఆపరేషన్ అయి మూడు నెలలైంది. తెల్లారేసరికి బంధువుల పెళ్ళికి చేరాలి, 900 కిలోమీటర్ల దూరం. నాన్నను ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు బాగా వెనక్కి జరిపి కాళ్ళు చాపుకునేలా చేశాను. గంట గడవకముందే నిద్రపోయారు. బయట కుండపోత. లోపల రెండు పొరల అద్దాల వల్ల వాన చప్పుడు ఎక్కడో దూరంగా ఉన్నట్టు వినిపిస్తోంది. ఇంజిన్ 1,800 ఆర్‌పీఎం దగ్గర నింపాదిగా తిరుగుతోంది. లారీని దాటాలంటే గేరు మారాల్సిన పనే లేదు, తక్కువ ఆర్‌పీఎం నుంచే టార్క్ (బండిని లాగే బలం) పుష్కలంగా ఉంటుంది. నాన్న రెండుసార్లు మాత్రమే లేచారు, రెండుసార్లూ పెట్రోలు బంకు దగ్గరే. దిగి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని నేరుగా మండపంలోకి వెళ్ళాను. నడుము నొప్పి లేదు, కళ్ళ మంట లేదు. ఆ పని స్పోర్ట్స్ కారు ఎప్పటికీ చేయలేదు.

అయితే ఆ సుఖం ఊరికే రాదు. నాలుగో ఏట ఒక పొద్దున చూస్తే బండి ముందు ఎడమ మూల కిందికి వాలి ఉంది. ఎయిర్ స్ప్రింగ్ రబ్బరు పగిలి గాలి లీకవుతోంది. ఆ లీకును పూడ్చడానికి గాలి నింపే కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి తిరిగి కాలిపోయింది కూడా. స్ప్రింగ్ ఒక్కటే మార్పించుకుని కంప్రెసర్‌ను చూడకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో మళ్ళీ షెడ్డుకే. టైర్లు నేను జాగ్రత్తగా నడిపినా 20,000 దాటలేదు. అంత బరువును మలుపు తిప్పాలన్నా ఆపాలన్నా భారమంతా పడేది టైర్ల మీదే కదా.

స్పోర్ట్స్ కారు సంగతి వేరు. మొదటి రోజు దాన్ని ఇంటికి తెస్తుంటే నిజంగా కొంచెం దిగులేసింది. క్లచ్ గట్టిగా ఉంది, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఏటవాలుగా తిప్పి ఎక్కించాల్సి వచ్చింది, టైర్లు ఏరుకున్న ఇసుక రేణువులు ఫెండర్ లోపల టపటపా కొట్టుకుంటున్నాయి. వారం తర్వాత ఒక ఘాట్ రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. వేగం 60కి మించలేదు. అయినా స్టీరింగ్ ద్వారా రోడ్డు మీది ప్రతి అతుకూ చేతికి తెలుస్తోంది. మలుపులోకి తిప్పగానే బండి ముక్కు ఆలస్యం లేకుండా తిరుగుతోంది. ఇంజిన్ మధ్యలో ఉండటం వల్ల బరువంతా రెండు యాక్సిళ్ళ నడుమ చేరుతుంది, అందుకే తిరగడానికి బద్ధకించదు. గేరు తగ్గించేటప్పుడు మడమతో యాక్సిలరేటర్ ఒక్కసారి తట్టి, ఇంజిన్ వేగం చక్రాల వేగంతో సరిగ్గా కలిసినప్పుడు గేరు లివరు వెన్నలోకి కత్తి దిగినట్టు దిగుతుంది. అది కుదిరిన ప్రతిసారీ నాకు ఇప్పటికీ చిన్నపిల్లాడి సంతోషం. జీటీలో అదే ఘాట్ రోడ్డు మీద ఇంతకంటే వేగంగా వెళ్ళాను, ఒక్క మలుపూ గుర్తులేదు.

దీని లోపాలు కూడా చెప్పాలి. గేర్లు మరీ పొడుగు. రెండో గేరులోనే 120 దాటిపోతుంది. ఇంజిన్ అసలు గొంతు విప్పేది 5,000 ఆర్‌పీఎం పైన, అంతకు మించి తిప్పకూడదని చెప్పే ఎర్ర గీత 8,000 దగ్గర. అంటే ఆ చివరి పాట రోడ్డు మీద చట్టబద్ధంగా వినడం చాలా అరుదు. ఇంత శ్రద్ధగా చేసిన బండికి ఆ గేరింగ్ ఎందుకు పెట్టారో నాకు మింగుడుపడదు. దీంతోపాటు వచ్చిన సెమీ స్లిక్ టైర్లు (ట్రాక్ కోసం చేసిన, గాడులు తక్కువగా ఉండే టైర్లు) ఎండలో, వేడెక్కాక, అద్భుతం. చలిలో తడి రోడ్డు మీద మాత్రం భయం పుట్టించాయి. వాటి రబ్బరు వేడెక్కితే తప్ప పట్టదు, నీళ్ళు బయటికి పోవడానికి గాడులు చాలవు. ఒక సాయంత్రం వానలో, చాలా మామూలు వేగంలో, రౌండబౌట్ దగ్గర వెనక భాగం జారింది. ఏమీ కాలేదు కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా ఆవిడ దూరప్రయాణాలకు రెండుసార్లు ఇందులో వచ్చింది. రెండోసారి 400 కిలోమీటర్ల తర్వాత దిగి, "ఇంత దూరం ఇంకెప్పుడూ దీంట్లో తీసుకురాకండి" అంది. ఆమె మాటలో అబద్ధం లేదు. వీపు వెనకే ఇంజిన్, వంచడానికి వీల్లేని బకెట్ సీటు, చెవుల్లో మర్నాటిదాకా హోరు.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్తాను, నాకు ఇష్టమైన చరిత్ర ఇది. జీటీ అంటే గ్రాన్ టురిస్మో. ఈ రోజుల్లో ఆ పేరు వినగానే రెండు టన్నుల తోలు సోఫా గుర్తొస్తుంది. కానీ ఆ పేరుకు గుర్తింపు తెచ్చిన కార్లలో ఒకటైన లాన్సియా ఆరేలియా బీ20 బరువు నా బండిలో సుమారు సగమే. 1951లో ఇటలీలోని మిల్లే మిలియా రేసులో ఆ రెండు లీటర్ల వీ6 కారు మొత్తం మీద రెండో స్థానంలో వచ్చింది. ముందున్నది 4.1 లీటర్ల ఫెరారీ! దూరం వెళ్ళడం, చురుగ్గా వెళ్ళడం అప్పట్లో ఒకే బండి చేసేది. బరువు పెరిగాకే ఈ రెండూ వేరు కాపురాలు పెట్టాయి.

జీటీయా, స్పోర్ట్స్ కారా అన్న తికమక కొనేవాళ్ళదే కాదు. పోర్షే కంపెనీ 1970లలో తన 911 స్పోర్ట్స్ కారుకు కాలం చెల్లుతుందనుకుని, దాని స్థానంలో నిలబెట్టాలని ముందు భాగంలో వీ8 ఇంజిన్‌తో 928 అనే అచ్చమైన జీటీని తయారుచేసింది. 1977లో అది వచ్చింది, 1978లో యూరప్ కార్ ఆఫ్ ది ఇయర్ కూడా అయింది. దాన్ని నేనేమీ తక్కువ చేయను, ఇప్పటికీ చూస్తే ముచ్చటేస్తుంది. అయినా 1981లో కంపెనీ పగ్గాలు చేపట్టిన పీటర్ షుట్జ్ 911ను ఆపొద్దని నిర్ణయించాడు. 928 ఉత్పత్తి 1995లో ముగిసింది. 911 ఇప్పటికీ వస్తూనే ఉంది.

సరే, నా సంగతికి వస్తాను. మూడో ఏట రెండు ప్రయోగాలు చేశాను. ఒకటి, జీటీని ట్రాక్ మీదికి తీసుకెళ్ళడం. మొదటి రెండు ల్యాపులు ఆశ్చర్యపరిచాయి, అంత పెద్ద బండి అంత గట్టిగా మలుపులు పట్టుకుంటుందని ఊహించలేదు. నాలుగో ల్యాపులో బ్రేక్ పెడల్ మెత్తబడి సగందాకా దిగిపోయింది. లెక్క చూస్తే ఇందులో వింతేమీ లేదు. గంటకు 180 కిలోమీటర్ల నుంచి నిలబడాలంటే 2,250 కిలోల బండి బ్రేకులు దాదాపు 28 లక్షల జౌల్స్ శక్తిని వేడిగా మార్చాలి. 1,350 కిలోల బండికి 17 లక్షలు చాలు. అదీ ప్రతి మలుపు దగ్గరా, ప్రతి ల్యాపులోనూ. పాత బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చి ఉంటే ఇంకా తొందరగా మరుగుతుంది, బుడగలు పుడతాయి, పెడల్ దిగిపోతుంది. ఫ్లూయిడ్ మార్చాను, మంచి ప్యాడ్లు వేయించాను. ఒకటి రెండు ల్యాపులు ఎక్కువొచ్చాయి, అంతే. బరువు తీసేసే పార్టు ఏ షాపులోనూ దొరకదు.

రెండో ప్రయోగం స్పోర్ట్స్ కారును దూరాలకు అలవాటు చేయడం. బకెట్ సీట్లు తీయించి, వంచగలిగే సీట్లు బిగించాను. సెమీ స్లిక్ టైర్లు ట్రాక్ కోసం విడి చక్రాల మీద ఉంచి, మామూలుగా వానలో కూడా పట్టే రోడ్డు టైర్లు వేశాను. అలైన్‌మెంట్‌లో క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండే కోణం) తగ్గించాను. హైవే మీద టైరు లోపలి అంచు అరిగిపోవడం దాంతో చాలావరకు తగ్గింది. ఇప్పుడు 500 కిలోమీటర్లు వెళ్ళినా దిగాక మనిషిలా నడవగలుగుతున్నాను. మా ఆవిడ కూడా మొన్న 250 కిలోమీటర్లు వచ్చింది, ఏమీ అనలేదు. జీటీ అంత హాయి ఎప్పటికీ రాదు. కానీ స్పోర్ట్స్ కారును జీటీ వైపు కొంత జరపొచ్చు, జీటీని ఇటువైపు జరపడం మాత్రం నా వల్ల కాలేదు.

అయినా జీటీని అమ్మించింది ఈ ప్రయోగాలు కాదు, నా నోటు పుస్తకం. బండి తీసిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, ఎక్కడికి అన్నది రాసుకోవడం నాకు అలవాటు. ఈమధ్య తీరిగ్గా తిరగేశాను. జీటీ పేజీల్లో ప్రతి వరసలోనూ ఒక ఊరో, ఒక పనో ఉంది. స్పోర్ట్స్ కారు పేజీల్లో దాదాపు సగం వరసల్లో "ఎక్కడికి" అన్న గడి ఖాళీ. పొద్దున్నే ఆరింటికి బయల్దేరి, ఎక్కడికీ వెళ్ళకుండా, ఎనిమిదింటికి ఇంటికి వచ్చేసిన రోజులవి. ఆరేళ్ళలో జీటీని ఒక్కసారి కూడా అలా తీయలేదు. పైగా గత ఏడాదిన్నరగా నాకు దూరాలు వెళ్ళాల్సిన పనులు తగ్గాయి, జీటీ వరసలు నెలకు ఒకటి రెండు మాత్రమే. అంత మంచి బండి బ్యాటరీ దిగిపోకుండా ఛార్జర్ తగిలించుకుని మూల నిలబడటం చూడబుద్ధి కాలేదు.

కాబట్టి ఎవరైనా అడిగితే హార్స్‌పవర్ సంగతి పక్కన పెట్టి, పోయిన ఏడాది మీరు ఎక్కడెక్కడికి వెళ్ళారో రాసి చూడమంటాను. నెలకు రెండుసార్లు 300 కిలోమీటర్లు దాటి వెళ్ళేవాళ్ళు, పక్క సీట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు కళ్ళు మూసుకుని జీటీ తీసుకోండి. స్పోర్ట్స్ కారు కొని నెల తిరక్కుండా అమ్ముకున్నవాళ్ళను నేను చూశాను. పని లేకపోయినా బండి తీయాలనిపించే మనిషైతే జీటీలో ఎంత శక్తి ఉన్నా ఆ ఆకలి తీరదు.

పాత బండి కొంటుంటే ఒక మాట. స్పోర్ట్స్ కారు టైర్లను పైపైన చూడకండి, చెయ్యి పెట్టి లోపలి అంచు తడమండి. జీటీని సాయంత్రం చూసి, రాత్రంతా అక్కడే ఉంచమని చెప్పి, మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందే మళ్ళీ చూడండి. నాలుగు మూలలూ ఒకే ఎత్తులో ఉండాలి. నా బండి కొనడానికి వచ్చిన దంపతులు సరిగ్గా ఇదే చేశారు. వాళ్ళమ్మాయి 700 కిలోమీటర్ల దూరంలో చదువుకుంటోందట. పొద్దున్నే ఏడింటికి వచ్చి, ఆయన టేపుతో నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు కొలిచి, ఆవిడకు తలూపాడు. తాళాలు తృప్తిగా ఇచ్చాను.