తుపాకీతో రాష్ట్రం దాటాలంటే విమానమా, కారా? ఏది మేలు?

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో షూటింగ్ రేంజ్‌కి వెళ్లేవాళ్లు బాగా పెరిగారు. గ్రీన్‌కార్డ్ వచ్చాకనో, సిటిజన్ అయ్యాకనో సొంత పిస్టల్ కొనుక్కుంటున్నారు. ఆ తర్వాత దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: వేరే రాష్ట్రంలో మ్యాచ్ ఉంటే పిస్టల్‌ని విమానంలో చెకిన్ లగేజీలో వేయాలా, కారులో పెట్టుకుని పోవడం నయమా? ఈమధ్య ఫీనిక్స్‌లోని బెన్ ఏవరీ రేంజ్‌కి వెళ్లాల్సి వచ్చినప్పుడు నేనూ ఇదంతా ఆలోచించి విమానానికే మొగ్గాను.

అసలు విషయానికి ముందు ఒక మాట. హెచ్-1బీ, ఎఫ్-1, ఎల్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఈ ప్రశ్నే లేదు. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ల దగ్గర తుపాకీ కాదు కదా, ఒక్క తూటా కూడా ఉండకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది కానీ, దాన్ని నమ్ముకునే ముందు లాయర్‌ని అడగండి. నేరం రుజువైతే 15 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు, ఆపైన దేశం వదిలి వెళ్లాల్సి రావచ్చు. "నా లగేజీ బరువెక్కింది తమ్ముడూ, ఈ పెట్టె నీ పేరు మీద చెకిన్ చెయ్యి" అని స్టూడెంట్ వీసా మీద ఉన్న కుర్రాడికి దయచేసి అప్పగించకండి. అతని భవిష్యత్తంతా దాంతో పోతుంది.

విమానం నిబంధనలు చాలామందికి తెలిసినవే. తుపాకీలో తూటా ఉండకూడదు, గట్టి పెట్టెలో తాళం వేసి ఉండాలి, చెకిన్ లగేజీలోనే వెళ్లాలి, కౌంటర్ దగ్గర ప్రతిసారీ చెప్పాలి. వెళ్లేటప్పుడు చెప్పాం కదా అని తిరుగు ప్రయాణంలో ఊరుకోకూడదు. తూటాలు విడిగా దొర్లకుండా వాటికోసం చేసిన డబ్బాలోనే ఉండాలి. చాలా ఎయిర్‌లైన్స్ 5 కిలోల వరకే ఒప్పుకుంటాయి. కౌంటర్‌లో చెబితే ఏమంటారోనని చాలామంది టెన్షన్ పడతారు కానీ, అక్కడి సిబ్బందికి అది రోజూ ఉండే పనే. ఒక కార్డు మీద సంతకం పెట్టించుకుంటారు, పెట్టె స్కానింగ్‌కి వెళ్తుంది, తాళంచెవి కోసం పిలుస్తారేమోనని కాసేపు అక్కడే ఉంటే చాలు. నిజమైన కష్టాలు మరిచిపోయి కేబిన్ బ్యాగులో తెచ్చేవాళ్లకు. 2024లో టీఎస్ఏ (అమెరికా ఎయిర్‌పోర్టుల భద్రతా సంస్థ) చెక్‌పాయింట్లలో 6,678 తుపాకులు దొరికాయి. వాటిలో 94 శాతం దాకా తూటాలు నింపి ఉన్నవే.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది వేరే ఉంది. దారి మధ్యలో ఆ పెట్టె మీ చేతికి ఎక్కడ వస్తుంది? ఆ క్షణంలో మీ మీద ఏ రాష్ట్రం చట్టం పనిచేస్తుంది?

1986లో వచ్చిన ఫెడరల్ చట్టం ఒకటుంది, అందరూ ఫోపా అంటారు. బయల్దేరిన చోటా, చేరే చోటా మీకు ఆ తుపాకీ ఉంచుకునే హక్కు ఉంటే, తూటాలు తీసేసి చేతికి అందకుండా తీసుకెళ్తుంటే, మధ్యలో ఉన్న రాష్ట్రాల కఠిన చట్టాల నుంచి అది కాపాడుతుంది. చదవడానికి భరోసాగా ఉంటుంది. కానీ 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తున్న ఒకాయనకు ఏం జరిగిందో చూడండి. అన్నీ పద్ధతి ప్రకారమే డిక్లేర్ చేసి చెకిన్ చేశాడు. కఠిన చట్టాలున్న న్యూజెర్సీలోని న్యూవర్క్‌లో కనెక్షన్ తప్పిపోయింది. పెట్టె తీసుకుని ఆ రాత్రి హోటల్లో పడుకున్నాడు. మర్నాడు పొద్దున మళ్లీ ఎయిర్‌పోర్టుకి వచ్చి, నా దగ్గర తుపాకీ ఉందని తనంతట తానే చెప్పాడు. అరెస్టు చేశారు. కేసు తర్వాత కొట్టేశారు కానీ, ఆయన వేసిన దావా 2010లో ఫెడరల్ అప్పీల్ కోర్టులో ఓడిపోయింది. రాత్రంతా పెట్టె ఆయన చేతికి అందేలా ఉంది కాబట్టి ఫోపా రక్షణ వర్తించదని తీర్పు. లగేజీ తీసుకోకముందే అక్కడి పోలీసులకో, ఎయిర్‌పోర్టు సిబ్బందికో చెప్పి ఉండాల్సిందని కూడా కోర్టు అంది.

ఆ తీర్పు గురించి తెలిసినప్పటి నుంచి టికెట్ ధర కంటే ముందు రూటు చూస్తున్నాను. నాన్‌స్టాప్ ఉంటే 100 డాలర్లు ఎక్కువైనా అదే కొంటాను. పెట్టె డాలస్‌లో నా చేతి నుంచి వెళ్తే మళ్లీ ఫీనిక్స్‌లోనే కంటపడుతుంది. కనెక్షన్ తప్పదంటే న్యూవర్క్, న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే, లాగార్డియా ఎయిర్‌పోర్టుల మీదుగా మాత్రం వెళ్లను. ఎక్కడైనా ఇరుక్కుపోతే బ్యాగు వెనక్కి అడగకండి, తెచ్చిచ్చినా పట్టుకోకండి. ఎయిర్‌లైన్ దగ్గరే ఉంచమనండి. ఎడిసన్‌లో అక్కావాళ్లింటికి వెళ్తున్నా సరే, టెక్సస్ లైసెన్స్‌ని న్యూజెర్సీ గుర్తించదు, పిస్టల్‌ని ఇంట్లో సేఫ్‌లోనే వదిలి వెళ్లండి.

ఇక కారు. దాని సుఖం దానిది. ఎవరికీ చెప్పక్కర్లేదు, 5 కిలోల గొడవ లేదు. 9 ఎంఎం తూటాలు 5 కిలోలంటే ఇంచుమించు 400 వస్తాయి. రెండు రోజుల మ్యాచ్‌తో పాటు ప్రాక్టీస్ కూడా ఉంటే అవి చాలవు, అక్కడ కొనుక్కోవాలి. రెండు మూడు రైఫిళ్లు ఉన్నవాళ్లకూ, పక్క రాష్ట్రం ఓక్లహోమా దాకా వెళ్లేవాళ్లకూ నేనూ కారే చెబుతాను.

దూరం పెరిగితే మాత్రం లెక్క మారిపోతుంది. డాలస్ నుంచి ఫీనిక్స్ వెయ్యి మైళ్ల పైనే, ఒక్కరే నడిపితే మధ్యలో రాత్రి బస తప్పదు. టెక్సస్, న్యూమెక్సికో, అరిజోనా ఈ విషయంలో అంత ఇబ్బంది పెట్టే రాష్ట్రాలు కావు, కాబట్టి చట్టం భయం తక్కువే. నా భయం మోటెల్ పార్కింగ్ గురించి. పెట్టెను కారులో వదిలితే అద్దం పగలగొట్టి ఎత్తుకుపోవడం నిమిషం పని. దొంగ చేతికి వెళ్లిన తుపాకీ ఆ తర్వాత ఎవరి ప్రాణం మీదికి వస్తుందో తెలియదు. గదిలోకి తెచ్చుకుంటే పిల్లలు పక్కనే ఉంటారు. పైగా ఇదే ప్రయాణం ఈశాన్యం వైపు అయితే ఆ రాత్రి బసే ఫోపాకి అడ్డం పడొచ్చు. విమానంలో అయితే తాళం వేసిన పెట్టె లగేజీ హోల్డ్‌లో ఉంటుంది, నేను పైన కునుకు తీస్తాను. ఇంత దూరానికి అదే క్షేమమని నా నమ్మకం.

విమానమే అనుకుంటే డబ్బు ఖర్చు పెట్టాల్సింది పెట్టె మీద. పిస్టల్‌తో పాటు కంపెనీ ఇచ్చే ప్లాస్టిక్ డబ్బాని నమ్మకండి. మూత మూసి, రెండు చివర్లా తాళాలు వేసి, మూల దగ్గర వేళ్లు పెట్టి గట్టిగా లాగి చూడండి. వేలు దూరేంత సందు వస్తే అది పనికిరాదు, కౌంటర్‌లో తిప్పి పంపే అవకాశం ఉంది. తాళాల విషయంలో టీఎస్ఏ తాళమా (వాళ్ల సిబ్బంది మాస్టర్ కీతో తెరవగలిగేది), మామూలు తాళమా అని వాదనలు నడుస్తుంటాయి. టీఎస్ఏ రెండింటికీ ఒప్పుకుంటుంది. కానీ నిబంధన ప్రకారం తాళంచెవి ప్రయాణికుడి దగ్గర మాత్రమే ఉండాలి. టీఎస్ఏ తాళాల మాస్టర్ కీ ఫొటోలు 2014లోనే బయటపడ్డాయి, మరుసటి ఏడాది వాటిని త్రీడీ ప్రింటర్‌లో తయారు చేసుకునే ఫైళ్లు కూడా వచ్చేశాయి. అందుకే నేను మామూలు గట్టి తాళాలే వాడతాను.

కొరియర్‌లో పంపొచ్చా అని కూడా అడుగుతున్నారు. యూపీఎస్, ఫెడెక్స్ ఇప్పుడు లైసెన్స్ ఉన్న డీలర్ల నుంచే తీసుకుంటున్నాయి. అంటే గన్‌షాపు ద్వారా వెళ్లాలి. ఇల్లు మారుతుంటే సరే కానీ, వారాంతం మ్యాచ్‌కి అంత తంతు అనవసరం. సరదాగా ఒక గంట కాల్చి రావడానికైతే అక్కడి రేంజ్‌లోనే అద్దెకు తీసుకోండి.

ఇండియా ప్రయాణం సంగతి పూర్తిగా వేరు. అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది, అమెరికాలో కొన్న రసీదు గానీ ఇక్కడి లైసెన్స్ గానీ దాని ముందు చెల్లవు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బ్యాగులో తూటా దొరికి పోలీసు కేసు అయిన వార్తలు చూస్తూనే ఉన్నాం. రేంజ్‌కి వాడే బ్యాక్‌ప్యాక్‌ని ఊరికి వెళ్లేటప్పుడు అసలు తీయకండి. తప్పదనుకుంటే ముందు రోజు దాన్ని బోర్లించి దులపండి, అడుగున లైనింగ్ కింద చెయ్యి పెట్టి వెతకండి, పక్క జేబులన్నీ బయటికి తిప్పి చూడండి.